తాళాలక్క తీసేసిన లైను

"నేను పెట్టను."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. పెన్నుకు మూత పెట్టి, కాగితాన్ని బల్ల మీద అవతలికి తోసింది. అది సగం దూరం వెళ్లి ఆగింది. అటు కూర్చున్నవాళ్లెవరూ చెయ్యి చాచలేదు.

గదిలో ఆరు కుర్చీలు. ఒకదాని చక్రం ఊడిపోయి రెండేళ్లయింది. ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్లకు ఆ కుర్చీ. ఆ సోమవారం మేనేజరు ఆలస్యంగా వచ్చాడు. అందుకని ఒక పక్కకు ఒరిగి మాట్లాడుతున్నాడు.

బల్ల మధ్యలో చెప్పుల డబ్బా అంత తెల్లటి పెట్టె ఉంది. కంపెనీ తయారుచేసేది ఆ పెట్టెలనే. ఆస్పత్రిలో మంచం పక్కన ఇనుప కడ్డీకి తగిలిస్తారు. గంటకు ఇన్ని మిల్లీలీటర్లని నర్సు మీటలు నొక్కి చెబుతుంది. పెట్టె లోపలి మోటారు సన్నగా తిరిగి, చెప్పినంత మందును రోగి నరంలోకి పంపుతుంది. తొమ్మిదేళ్లుగా అమ్ముతున్న పెట్టెకు ఇప్పుడు కొత్త చిప్పు వేశారు. పాతదానికంటే అది ఎన్నో రెట్లు చురుకైనది. అంతా బాగానే ఉంది. కానీ పరీక్షల గదిలో పెట్టిన ఇరవై పెట్టెల్లో, రెండుమూడు రోజులకొకసారి, ఏదో ఒకటి బిగుసుకుపోతోంది. తెర వెలుగుతూ ఉంటుంది, తెర మీద అంకె ఉంటుంది, మోటారు మాత్రం తిరగదు. గంట కొట్టి పిలవాల్సిన భాగం కూడా దానితోపాటే బిగుసుకుపోవడంతో పెట్టె నోరు మెదపదు.

మేనేజరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. పెట్టెలో ఒక కాపలా ప్రోగ్రాం పెట్టాడు. పెట్టె బిగుసుకుపోయిందని తెలియగానే అది అన్నింటినీ ఆపి మళ్లీ మొదటినుంచి నడిపిస్తుంది. దానికి పదకొండు సెకన్లు పడుతుంది. ఈ పద్ధతి సురక్షితమని రాసిన కాగితం మీద ఆమె సంతకం కావాలి. పెట్టె లోపలి రన్‌టైం ఆమెది.

"పదకొండు సెకన్లే కదక్కా. మందు సంచి మార్చేటప్పుడు నర్సుకి అంతకంటే ఎక్కువే పడుతుంది."

"సంచి మార్చేటప్పుడు నర్సు పక్కనే ఉంటుంది సార్."

"చూడండి మేడం..."

అవసరమొస్తే అక్క, కోపమొస్తే మేడం. ఆయన మనసులో ఏముందో ఆ పిలుపును బట్టే అందరూ గ్రహించేవాళ్లు. వెనకాల ఆయనను గడువుగారు అనేవాళ్లు. చెడ్డవాడేం కాదు. ఆయన నెత్తిన ఇంకో గడువుగారు ఉన్నాడు, అంతే.

"అసలు ఎందుకు ఆగుతోందో మీకు తెలుసా?"

"తెలియదు. అందుకే పెట్టనంటున్నాను."

"తెలుసుకోవడానికి ఎన్నాళ్లు కావాలి?"

"అదీ తెలియదు."

"శుక్రవారం లారీ వస్తుంది మేడం."

"రానివ్వండి. ఖాళీగా వెనక్కి వెళ్లడం లారీకి కొత్తేం కాదు."

మూలన కూర్చున్న ఎవరో నవ్వబోయి దగ్గారు. గడువుగారు కుర్చీలో నిటారుగా కూర్చోవాలని చూశాడు. కుర్చీ ఒప్పుకోలేదు.

"గురువారం సాయంత్రం దాకా టైమిస్తున్నాను. కారణం చూపిస్తే సరే. లేదంటే సంతకం పెట్టే చేతులు ఈ కంపెనీలో ఇంకా ఉన్నాయి."

ఆమె లేచి వచ్చేసింది. ఆయన మాటలో అబద్ధం లేదు. నాలుగు రోజుల్లో కారణం దొరక్కపోతే ఇంకెవరో సంతకం చేస్తారు, పెట్టెలు మంచాల పక్కకు చేరతాయి.

*

ఆమెకు యాభై మూడేళ్లు. ఈ కంపెనీలో ఇరవై నాలుగేళ్లుగా ఉంది. అంతకుముందు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసింది. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా చిల్లుల బోర్డు, చేతుల్లో తీగలు. ఒక తీగ ఇక్కడినుంచి లాగి అక్కడ గుచ్చితే ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు.

ఆ పనిలో ఆమె ఒకటి గమనించింది. ఇద్దరు పోట్లాడుకుంటారు. కాసేపటికి ఇద్దరికీ మనసు కరుగుతుంది. ఒకే నిమిషంలో ఒకరికొకరు ఫోను చేసుకుంటారు. ఇద్దరికీ ఎంగేజ్ శబ్దమే వినిపిస్తుంది. అంతలోనే ఇంకెవరితో కబుర్లు పెట్టుకుందోనని ఈయన కుమిలిపోతాడు, ఆవిడా అంతే. మళ్లీ చేస్తారు, మళ్లీ ఎంగేజే. ఆమె వినీ వినీ ఓపిక పట్టలేక ఒకరోజు మధ్యలో దూరింది. "అయ్యా, మీరు ఫోను పెట్టేసి అయిదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. ఆవిడే చేస్తారు." అందుకు సూపర్‌వైజరు చేత చివాట్లు తింది. ఆ మొగుడూ పెళ్లాలు మాత్రం కలిశారు.

తరవాత బోర్డు తీసేసి మనిషంత ఎత్తు యంత్రం పెట్టారు. పదకొండు మందిని ఇంటికి పంపారు. మిగిలిన పదిమందీ ఏడ్చారు. తన పని తిన్నదాని కడుపులో ఏముందో చూడాలనిపించింది ఆమెకు. పగలు ఒక దుకాణంలో బిల్లులు రాస్తూ సాయంత్రాలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. తరగతిలో అందరికంటే పెద్దది. ముందు రెండు వరుసల్లో చోటిస్తే వద్దని మధ్యలో కూర్చునేది.

రన్‌టైం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేల అని చెబుతుంది. ప్రోగ్రాములన్నీ దాని మీద నిలబడతాయి. నేల బాగున్నంతకాలం ఎవరూ నేలవంక చూడరు. ఒక్క పలక కదిలితే అందరూ కిందికి చూస్తారు.

ఆ నేల మీద పనివాళ్లుంటారు. థ్రెడ్లంటారు వాళ్లను. ఒకడు మోటారు తిప్పుతాడు, ఒకడు తెర రాస్తాడు, ఇంకొకడు గంట కొడతాడు. అందరూ ఒకేసారి పనిచేస్తుంటారు, అందరికీ కావాల్సిన సామాను కొంత ఉమ్మడిగా ఉంటుంది. ఒకడు వాడుతుండగా ఇంకొకడు చెయ్యి పెట్టకుండా దానికి తాళాలుంటాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఒకడు ఈ తాళం పట్టుకుని ఆ తాళం కోసం చూస్తాడు. ఇంకొకడు ఆ తాళం పట్టుకుని ఈ తాళం కోసం చూస్తాడు. ఇద్దరూ పట్టింది వదలరు, ఇక కాలం చెల్లేదాకా అంతే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆమె తాళాలకు వరసలు పెట్టింది. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క. ఎవరికి ఎన్ని తాళాలు కావాల్సినా ముందు పెద్దక్క దగ్గరికే వెళ్లాలి. చిన్నక్క చెయ్యి పట్టుకుని పెద్దక్క గుమ్మం ముందు నిలబడడానికి వీల్లేదు. ఒక అట్ట మీద ఇది రాసి తన బల్ల ఎదురుగా గోడకు కొట్టింది. కొత్తగా చేరినవాళ్లు ముందు నవ్వేవాళ్లు, తరవాత కంఠతా పట్టేవాళ్లు. అలా ఆమె తాళాలక్క అయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముందుగదిలో గొడవ జరుగుతోంది.

అత్తగారు దర్జీ పని చేస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. ముందుగదిలో సగం చోటు ఆవిడ బల్లదే. భర్త బడిలో డ్రాయింగు మాస్టారు. ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది, ఆవిడ బల్ల మీద కోటు గుడ్డ పరిచి ఉంది.

"ఒరేయ్, ముందు పెట్టె ఇలా ఇవ్వు."

"ముందు బల్ల ఖాళీ చెయ్యమ్మా. ఒక్క చొక్కా. రెండు నిమిషాలు."

"గుడ్డ పరిచి మడతలు లెక్కగా పెట్టాను. ఇస్త్రీ పడందే ఎలా తియ్యమంటావు?"

"నా చొక్కా అవందే పెట్టె ఎలా ఇవ్వమంటావు?"

ఆమె చెప్పులు విప్పి, తిన్నగా వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"ఇద్దరికీ లేదు. అత్తయ్యా, బల్ల పెద్దది, పెట్టె చిన్నది. ఈ ఇంట్లో బల్ల ఎవరి చేతిలో ఉంటే పెట్టె వాళ్లకే. ఏమండీ, అక్కడ పెట్టండి."

ఆయన పెట్టాడు. అత్తగారు ముసిముసిగా నవ్వింది.

"ఆఫీసులో నువ్వు చేసే పని ఇదేనా అమ్మాయ్? దీనికి అంత చదువెందుకే?"

టీ తాగుతూ ఆమె జరిగింది చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"ఇంకొకరు పెడతారంటున్నాడు కదోయ్. నువ్వు పెట్టకపోయినా అవి వెళ్లేవే. మాట పడడం తప్ప నీకు మిగిలేదేముంది?"

"వెళ్తే నా చేతుల మీదుగా వెళ్లవు."

అత్తగారు గుడ్డ మీదినుంచి తలెత్తలేదు.

"లోపలి కుట్టు పోయిందని తెలిసీ పైన అతుకేసి ఇచ్చే దర్జీని నేనెరుగుదును. వాడి దగ్గరికి రెండోసారి వెళ్లినవాళ్లను మాత్రం ఎరగను. పెట్టకు." ఇస్త్రీపెట్టెను గుడ్డ మీద ఒకసారి లాగింది. "కానీ అమ్మాయ్, మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గానీ, కుట్టు ఎక్కడ పోయిందో చూపించలేకపోతే అది వట్టి మొండితనమే. వెతుకు."

*

పరీక్షల గది కింది అంతస్తులో, వెనకవైపు ఉంటుంది. ఇరవై పెట్టెలు వరసగా నిలబడి నీళ్లు పంపుతుంటాయి. ప్రతిదాని కింద కొలత గీతల గాజు గొట్టం. వాటి మధ్య, గొట్టాల్లో పడే చుక్కలు కొలిచే చుక్కలాయన తిరుగుతుంటాడు. గంటగంటకూ వంగి, గీత మీద కన్ను పెట్టి, పెన్సిలుతో నోటుపుస్తకంలో రాస్తాడు. తెర మీద ఎంత ఉందో చూడడు. "తెర చెప్పేది తెరకు తెలిసింది. గొట్టం చెప్పేది జరిగింది" అంటాడు. తాళాలక్క కంటే అయిదేళ్లు పెద్దవాడైనా ఆయనకూ ఆమె అక్కే. ఆమె ఆయనను అన్నయ్యా అంటుంది. ఇద్దరిలో ముందు పుట్టిందెవరని కొత్తవాళ్లు అడిగితే ఇద్దరూ ఎదుటివాళ్లను చూపిస్తారు.

మంగళవారం మధ్యాహ్నం పద్నాలుగో పెట్టె బిగుసుకుపోయింది. ఆయన చేసిన మొదటి పని, దాని స్విచ్చు మీద ఖాళీ టీ కప్పు బోర్లించి చుట్టూ టేపు వెయ్యడం. ఊడ్చేవాళ్లు గానీ గడువుగారు గానీ వచ్చి స్విచ్చు నొక్కితే లోపల ఏం జరిగిందో మరి తెలియదు. అది వాళ్లిద్దరి ఒప్పందం. ఆగినదాన్ని ఆగినట్టే ఉంచాలి.

ఆమె పెట్టెకు తీగ తగిలించి లోపల ఎవరెక్కడ నిలబడ్డారో చదివింది. రాత్రి పొద్దుపోయేదాకా చదివింది. ముందు తాళాలు చూసింది. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క, అందరూ వరస ప్రకారమే ఉన్నారు. అసలు ఏ తాళమూ ఎవరి చేతిలోనూ లేదు. తలుపు బార్లా తెరిచే ఉంది. మోటారు తిప్పేవాడు మాత్రం గుమ్మం బయటే కూర్చుని ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నాడు.

"పిలవలేదేం వీణ్ణి?" అంది పైకే.

"ఎవర్నక్కా?" అన్నాడు చుక్కలాయన.

"పిలిచారన్నయ్యా. పిలిచినట్టు గుర్తుంది ఇక్కడ. కానీ వీడికి అందలేదు. మరి ఎవరికి అందింది?"

రన్‌టైంలో వేచి ఉండే పద్ధతి ఇది. పనివాడికి తాళం దొరక్కపోతే పెట్టె మెమరీలో తనకిచ్చిన గది నంబరు ఒక చీటీ మీద రాసి కొక్కానికి తగిలించి నిద్రపోతాడు. తాళం ఖాళీ చేసినవాడు కొక్కానికున్న చీటీ ఒకటి తీసుకుని, ఆ గదికి వెళ్లి ఒకటి అనే అంకె వేస్తాడు. అదే మేలుకొలుపు. కొందరికి ఎక్కువసేపు ఆగే ఓపిక ఉండదు. వాళ్లు గడువు దాటగానే లేచి, కొక్కానికున్న తమ చీటీ తీసేసుకుని, గది ఖాళీ చేసి వెళ్లిపోతారు. గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. చూడ్డానికి ఇందులో ఏ లోపమూ లేదు.

బుధవారం ఉదయం చుక్కలాయన నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇది పనికొస్తుందో లేదో. పోయిన గురువారం తొమ్మిదో పెట్టె. ఆగలేదు. తెర మీద నలభై అనే ఉంది. కానీ గంటలో గొట్టంలో పడింది ఒక్క మిల్లీలీటరు."

ఆమె తలెత్తింది.

"ఒక్కటా?"

"ఒక్కటే. మళ్లీ మీటలు నొక్కి నలభై పెట్టాను, సరైపోయింది. గడువుగారికి చెబితే గొట్టంలో గాలి బుడగ ఉంటుందన్నాడు. అరవై ఏళ్లు రాబోతున్నాయి, నాకు గాలికీ నీళ్లకూ తేడా తెలియదా?"

ఆమె నోటుపుస్తకం దగ్గరికి లాక్కుంది. ఆ ఒకటి ఆమెకు తెలిసిన ఒకటి. ఎవరో ఒక గదికి వెళ్లి మేలుకొలుపుగా వేసిన ఒకటి. ఆ గదిలో ఉండాల్సినవాడు అప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోయాడు. కొత్తగా ఆ గదిలో దిగింది గంటకు నలభై అనే అంకె. దాని నెత్తిన ఒకటి పడింది. తెర తన కోసం నలభైని వేరే దాచుకుంటుంది గనక తెర నలభై అనే చెబుతూ పోయింది. లాడ్జిలో ఖాళీ చేసిన గదికి పాత చిరునామా పట్టుకుని వచ్చి, మంచం మీద ఎవరున్నారో చూడకుండా నీళ్లు కుమ్మరించి లేపినట్టు.

ఇక చూడాల్సిన చోటు ఒకటే. గడువు దాటినవాడు లేచి వెళ్లే చోటు. ఆమె ఆ పేజీ తెరిచింది. వాడు లేస్తాడు. కొక్కెం దగ్గరికి వెళ్తాడు. చీటీ కనపడదు. ఎవరో తీసేశారులే అనుకుని గది ఖాళీ చేస్తాడు. కానీ చీటీ పోలేదు. లేపడానికి బయల్దేరినవాడి చేతిలో ఉంది. వాడు దారిలో ఉన్నాడు. వాడొచ్చి ఖాళీ గదిలో ఒకటి వేస్తాడు. నిజంగా నిద్రపోతున్నవాడికి పిలుపు అందదు. పెట్టె బిగుసుకుపోతుంది. ఒక్కోసారి వెనకే ఇంకో పిలుపు వచ్చి ఆ నిద్రపోయేవాణ్ణి లేపుతుంది. అప్పుడు పెట్టె ఆగదు, అంకె మాత్రం పాడై ఉంటుంది. కాపలా ప్రోగ్రాం దాన్ని చూసి అంతా బాగుందనుకుంటుంది.

లేవడానికీ, గది ఖాళీ చెయ్యడానికీ మధ్య ఒక లైనుంది. పెట్టె జరిగినదల్లా రాసుకునే లాగ్ ఫైలులో ఒక ముక్క రాసే లైను: వేచి చూసి వెళ్తున్నాను. దానితో ఎవరికీ ఏ పనీ లేదు. దాని పైన ఒక గమనిక.

ఈ లైను తీయకండి. తీస్తే ఆగిపోతుంది. ఎందుకో తెలియదు.

కింద తేదీ. తొమ్మిదేళ్ల కిందటిది. పక్కన పొడి అక్షరాలు. అవి ఆమెవి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. చుక్కలాయన పన్నెండో గొట్టం దగ్గర వంగి ఉన్నాడు.

గుర్తొచ్చింది. అప్పుడూ ఒక లారీ ఉంది. పదకొండు రోజులు వెతికింది. పెట్టె ఎక్కడ ఆగుతోందో చూద్దామని ఆ లైను పెట్టింది. పెట్టగానే ఆగడం మానేసింది. తీస్తే ఆగుతుంది, పెడితే ఆగదు. చూస్తున్నంతసేపూ బుద్ధిగా కూర్చునే పిల్లవాడిలాగా. ఎందుకో వెతకడానికి ఇంకో పదకొండు రోజులు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. లైను అలాగే ఉంచి, గమనిక రాసి, సంతకం చేసి ఇంటికెళ్లింది. ఆ లైను రాయడానికి పాత చిప్పుకు కొంత సమయం పట్టేది. ఆ కాస్తలో చీటీ పట్టుకున్నవాడు వచ్చి తన పని చేసి వెళ్లిపోయేవాడు. కొత్త చిప్పు ఆ లైనును కన్ను మూసి తెరిచేలోగా రాసేస్తోంది.

పదకొండు సెకన్ల కాపలాకు సంతకం పెట్టనంది. తొమ్మిదేళ్ల కిందట ఒక్క లైనుకు పెట్టేసింది.

"అన్నయ్యా."

"చెప్పక్కా."

"దొరికింది. దొంగను నేనే."

ఆయన వచ్చి, కళ్లజోడు సవరించుకుని, గమనిక చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఎందుకో తెలియదని రాశావు కదా. అబద్ధం రాయలేదు."

"తెలియదని రాసి పడుకున్నాను. తొమ్మిదేళ్లు."

*

మరమ్మతు పద్నాలుగు లైన్లు అయింది. వెళ్లేవాడికి కొక్కెం మీద చీటీ కనపడకపోతే, అది ఎవరి చేతిలో ఉందో తేలేదాకా గది వదలకూడదు. పిలుపు తనకే వచ్చి, తనకు అక్కర్లేకపోతే, తరవాతివాడికి అందించి మరీ పోవాలి. రాశాక ఆమె ఆ పాత లైనునూ, దాని మీది గమనికనూ తీసేసింది.

గురువారం గడువుగారి గదిలో చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగింది.

"చూశారా అక్కా, మీరు తలుచుకుంటే కానిదేముంది! అయితే రేపు లారీ..."

"రేపు కాదు సార్. ఇరవై పెట్టెలూ మూడు వారాలు ఆగకుండా నడవాలి. గొట్టాలు చూసి చెబుతాను. ఇంకొకటి. పాత పెట్టెలున్న ఆస్పత్రులన్నింటికీ లేఖ వెళ్లాలి."

"పాతవాటికెందుకు? వాటిలో మీ లైనుంది కదా."

"లైనూ ఉంది, తప్పూ ఉంది. లైను తప్పును తియ్యలేదు, కప్పింది. వాటిలో అరుదుగా జరుగుతుంది. జరగదని చెప్పలేను."

"తొమ్మిదేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు!"

"తెర మీద నలభై కనిపిస్తుంటే ఎవరు ఫిర్యాదు చేస్తారు?"

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, మీ మంచి కోరి చెబుతున్నాను. లేఖ వెళ్తే ఆ లైను ఎవరు రాశారని అడుగుతారు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు మీది. కొత్త చిప్పు వల్ల వచ్చిన ఇబ్బంది, సరిచేశాం అని రాసి ఊరుకుందాం. అబద్ధమేం కాదు కదా."

"సగం నిజం."

"సగం చాలు."

"రోగికి సగం మందు చాలా సార్?"

"మేడం!"

"మీరు రాసుకోండి. నాది నేను రాస్తాను."

కొత్త మోడలు దేనికైనా ఒక ఫైలు ఉంటుంది. దానికి నలభై పేజీలు, ప్రతి పేజీకీ అచ్చు వేసిన నంబరు. ముప్పై ఏడో పేజీ పైన 'అభ్యంతరాలు' అని ఉంటుంది. ఎవరు ఏం రాసినా ఆ పేజీ చింపడానికి వీల్లేదు, కంపెనీ పెద్దలు చదవందే పెట్టె బయటికి వెళ్లడానికీ వీల్లేదు. ఇన్నేళ్లలో ఆ పేజీ మీద ఎవరూ ఏమీ రాయలేదు. రాయరన్న నమ్మకంతో 'లేవు' అని రబ్బరు స్టాంపు కూడా చేయించి పెట్టారు.

ఆమె ఫైలు తెప్పించుకుని, గడువుగారి బల్ల మీదే, ఆయన చూస్తుండగానే రాసింది. పెట్టె ఎందుకు ఆగుతోంది, ఆగకుండానే ఎలా తప్పుతోంది, పాత పెట్టెల్లో అది ఎందుకు కనపడలేదు. చివర ఇలా రాసింది: 'దీన్ని కప్పిన లైను తొమ్మిదేళ్ల కిందట నేను రాశాను. కారణం తెలియకుండానే సంతకం చేశాను. అది నా తప్పు. ఇప్పుడు కారణం తెలుసు. అందుకే సంతకం చెయ్యను.' పేజీ అంచుదాకా నిండింది.

గడువుగారు స్టాంపు వంక చూశాడు. అది వెయ్యడానికి చోటు లేదు.

శుక్రవారం లారీ వచ్చింది. గేటు దగ్గర గంటన్నర నిలబడింది. డ్రైవరు దిగి రెండుసార్లు టీ తాగాడు. తరవాత ఖాళీగా వెళ్లింది. చుక్కలాయన కిటికీలోంచి చూసి నోటుపుస్తకంలో టైము రాసుకున్నాడు. ఎందుకని అడిగితే, "కొలిచినదల్లా రాయడం అలవాటు" అన్నాడు.

*

లేఖ వెళ్లింది. కంపెనీ పెద్దలు వాక్యాలు మెత్తగా చేశారు గానీ, విషయం తియ్యలేకపోయారు. కింద ఆమె పేరు ఉంది. జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేని పేరు ఇప్పుడు ఇన్ని ఆస్పత్రులకు చేరింది.

చాలా చోట్లనుంచి అందిందని రెండు ముక్కలు వచ్చాయి. ఒక ఆస్పత్రి హెడ్‌నర్సు మాత్రం చేత్తో రాసింది. 'మా వార్డులో ఒక పెట్టె ఎప్పుడైనా బద్ధకిస్తుంది. దానికి సోమరిపోతు అని పేరు పెట్టాం. ఆపి మళ్లీ వేస్తే మామూలే. ఇది చెప్పాల్సిన విషయమని అనుకోలేదు.'

ఆమె ఆ నర్సుకు ఫోను చేసింది. ఆ పెట్టె తగిలించి ఉన్నప్పుడు ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. అవతలి మనిషి తెలియదంది. ఎవరూ అలా చూసుకోలేదంది. ఆమె ఫోను పెట్టేసి, ఆ తెలియదును చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. దానికి మరమ్మతు లేదు.

నెల తిరక్కుండా ఆమె సంతకం చేసే అధికారం తీసేశారు. బల్ల కూడా కింది అంతస్తుకు, పరీక్షల గదిలోకి మార్చారు. ఉత్తర్వు చేతికిస్తూ గడువుగారు నేలచూపులు చూశాడు.

"పైవాళ్ల నిర్ణయం. అక్కా, మేడం..." రెండింట్లో ఏది అనాలో ఆయనకు తెలియలేదు.

ఇంట్లో చెబితే భర్త, "కిందికి దించేశారన్నమాట" అన్నాడు.

అత్తగారు పళ్ల మధ్య ఉన్న గుండుసూది తీసింది.

"పెట్టే హక్కు తీసేశార్రా. పెట్టనని చెప్పే హక్కు వాళ్లిచ్చిందా తియ్యడానికి? పెట్టె ఇలా ఇవ్వు. బల్ల నా దగ్గరుంది."

ఆయన మారుమాట్లాడకుండా ఇస్త్రీపెట్టె ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఆమె గోడమీది అట్టను తనే ఊడదీసుకుని కిందికి తెచ్చింది. ఇరవై గొట్టాలకూ ఎదురుగా గోడకు కొట్టింది. ముగ్గురు అక్కల కింద ఒక కొత్త వాక్యం రాసింది: చీటీ ఎవరి చేతిలో ఉందో తేలందే గది వదలకు. కొత్త పెట్టెలకు అది అయిదో వారం. ఒక్కటీ ఆగలేదు, ఏ గొట్టమూ తప్పు చెప్పలేదు.

తరవాత ఆమె కూర్చుని, రన్‌టైం మొత్తంలో 'తీయకండి' అన్న మాట ఎన్నిచోట్ల ఉందో వెతికింది.

"ఎన్ని?" అన్నాడు చుక్కలాయన.

"పదిహేడు."

"అన్నీ నీవేనా?"

"నాలుగు నావి. మిగతావాళ్లలో కొందరు మానేశారు. ఒకాయన పోయాడు."

"పైవాళ్లు వెతకమన్నారా?"

"లేదు."

ఆయన మొదటి గొట్టం దగ్గరికి వెళ్లి, నీళ్లు పారబోసి, గీతను సున్నాకు తెచ్చాడు. ఆమె పదిహేడింట్లో మొదటిదాన్ని తెర మీదికి తెచ్చి, గమనిక చదివి, లైను తీసేసింది. మొదటి పెట్టెలోకి ఎక్కించి మీట నొక్కింది. మోటారు తిరిగింది. ఇద్దరూ టీ తాగారు. పన్నెండు గంటలు కావస్తుండగా ఆ పెట్టె బిగుసుకుపోయింది.

చుక్కలాయన ఆమె వంక చూశాడు.

"ఆగనీ," అంది తాళాలక్క, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

ఆయన తన కప్పులో అడుగున మిగిలిన టీ గటగటా తాగేసి, కప్పు తుడిచి, స్విచ్చు మీద బోర్లించి టేపు వేశాడు.